చూరు కింద బూడిద

స్టామట్ చేతుల్లోని ఇత్తడి కడ్డీలు ఒకదాని మీదికి ఒకటి వాలాయంటే అక్కడ బంగారం ఉన్నట్టే. మా ఊరు కామెన్ దోల్‌లో ఈ మాటకి తిరుగులేదు. ఆ బంగారం ఇంతవరకు ఒక్కసారీ బయటపడలేదన్నదీ నిజమే గానీ, అందుకు కడ్డీలను తప్పుపట్టినవాడు లేడు. తవ్వేటప్పుడు ఎవడో నోరు జారి బూతు కూశాడనీ, లోపల బిందె గలగలమంటూ పక్కకి జరిగిపోయిందనీ, ఇంకో జానెడు తవ్వి ఉంటే తగిలేదేననీ చెప్పుకునేవారు. మా వాళ్లు దేన్నయినా అనుమానిస్తారు. దేవుణ్ణి అనుమానిస్తారు, డాక్టర్ని అనుమానిస్తారు. బంగారాన్ని మాత్రం అనుమానించరు.

స్టామట్ ఇందులోకి కావాలని దిగినవాడు కాదు. సహకార వ్యవసాయ క్షేత్రం ట్రాక్టర్ల షెడ్డులో వెల్డరుగా ఉండేవాడు. మాటకారి కాదు. ఎవరైనా గట్టిగా అడిగితే కాదనలేని మనిషి. ఒక వేసవిలో పాత నీటి గొట్టం పొలంలో ఎటు పోయిందో అంతుచిక్కక పై అధికారి అందరినీ ఎండలో నిలబెట్టి తిడుతున్నాడు. స్టామట్ వాళ్ల నాన్న పంగల కర్ర పట్టుకుని బావులకి నీళ్లు చూసేవాడు. అది గుర్తొచ్చి ఎవరో "నీ రక్తంలోనే ఉంటుందిరా, చూడు" అని ఎగదోశారు. అతను రెండు ఇత్తడి వెల్డింగ్ చువ్వల్ని మడిచి, పిడికిళ్లలో వదులుగా పట్టుకుని నడిచాడు. ఒకచోట గడ్డి మిగతా చోట్ల కంటే పచ్చగా ఉండడం ముందే చూసి ఉన్నాడు. అక్కడికి రాగానే మణికట్లు కొంచెం లోపలికి తిప్పాడు. తవ్వితే గొట్టం ఉంది. గడ్డి సంగతి చెబుదామని నోరు తెరిచేలోపే భుజాలు చరిచి చేతిలో సారా గ్లాసు పెట్టారు. ఆ రోజు మింగిన మాట మరి బయటికి రాలేదు.

ప్రభుత్వం మారాక క్షేత్రం మూతపడింది. ట్రాక్టర్లు తుక్కు కింద పోయాయి. పనిలేని మగాళ్లకి అడవి మిగిలింది. మా స్ట్రాంజా కొండల్లో తుర్కులు పాత యుద్ధంలో మూటాముల్లె సర్దుకుని పారిపోతూ బంగారు లీరా నాణేలు పాతిపెట్టి వెళ్లారని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒక తాత చెప్పి చచ్చిపోయాడు. పలుగులు భుజాన వేసుకుని కొండెక్కే వాళ్లందరికీ స్టామట్ గుమ్మమే మొదటి మజిలీ అయింది. రానంటే ఊరుకునేవారా? "ఓహో, నీ ఒక్కడికే దాచుకుంటున్నావన్నమాట" అనేవారు. వెళ్తే, వెళ్లినందుకు ఇంకో నలుగురు వచ్చేవారు.

అతని పనితనమంతా ఒక్కటే. నేలను చూసేవాడు కాదు, అడిగినవాడి మొహం చూసేవాడు. నిధి ఎక్కడుందో ప్రతివాడికీ మనసులో ముందే ఒక చోటు ఉంటుంది. తాత చెప్పిన రాయో, పాత గోడ మొదలో. ఆ చోటు దగ్గరపడేకొద్దీ మనిషి ఊపిరి బిగబడుతుంది, కళ్లు అటే లాగుతాయి, వెంటనే ఏమీ ఎరగనట్టు పక్కకి తిరుగుతాయి. స్టామట్ మణికట్లు అక్కడ తిరిగేవి. వాళ్లు నమ్మిందే వాళ్లకి చెప్పాను, ఇందులో నేను చేసిన పాపమేముంది అని తనకి తాను నచ్చజెప్పుకునేవాడు.

వుల్కో తుంటి విరిగేదాకా ఆ సర్దుబాటు పనిచేసింది. వుల్కో అతని చిన్ననాటి స్నేహితుడు, గొర్రెల మనిషి. స్టామట్ చూపించిన చోట బావిలా తవ్వుకుంటూ పోయి, గట్టు విరిగి అందులోనే పడ్డాడు. అప్పట్నుంచి కర్ర లేకపోతే అడుగు పడదు. పోనీ తిట్టాడా అంటే అదీ లేదు. "ఇంకో రెండు జానలుంటే చేతికందేదిరా. నీ కడ్డీలు అబద్ధమాడవు, నా అదృష్టమే కుంటిది" అనేవాడు. తిడితే బాగుండేదని స్టామట్‌కి ఎన్నోసార్లు అనిపించింది. తిట్టినవాడికైతే నిజం చెప్పొచ్చు. దణ్ణం పెట్టేవాడికి ఏం చెబుతాం?

తవ్వే ముందు చేసే తంతు ఒకటుంది. నిధిని ఊరికే పాతిపెట్టరు. దానికి కాపలాగా ఒక ప్రాణాన్ని బలిచ్చి పెడతారు. అది తలసామ్ అనే భూతమై అక్కడే ఉండిపోతుంది. దానికేం కావాలో అడక్కుండా పలుగు వేస్తే తవ్వినవాడు ఏడాది తిరక్కుండా పోతాడు. అందుకని పొద్దుగూకే వేళ ఆ చోట పొయ్యిలోని బూడిద జల్లెడపట్టి చల్లి, అందరూ వెళ్లిపోతారు. తెల్లారాక బూడిదలో ఏ అడుగు పడి ఉంటే అది ఇవ్వాలి. కోడి అడుగైతే కోడి, గొర్రె గిట్టయితే గొర్రె. మనిషి పాదం పడిందా, శిలువ గీసుకుని వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. మా చుట్టుపక్కల నిధులన్నీ కోళ్లనే అడిగేవి. నిధులు వెతికేవాళ్ల కంటే కోళ్లు ముందు లేస్తాయి మరి. ఆ పుంజు కూర కోసమే తవ్వకానికి వచ్చే ఘనులు కూడా ఉండేవారు.

స్టామట్ భార్య కేరా ఈ గోలలో ఎన్నడూ తలదూర్చలేదు. కడ్డీలు తలుపు వెనక మేకుకి వేలాడుతుండేవి. ఇల్లంతా దులిపేది గానీ వాటి జోలికి మాత్రం వెళ్లేది కాదు. వాళ్లకి పిల్లల్లేరు. అందుకేనేమో వీధిలో పిల్లలంతా వాళ్లింట్లోనే ఉండేవారు. అక్రోటు కాయలు కొట్టి పెట్టేది, చిరిగిన మోచేతులు కుట్టేది. పిండి పిసికే రోజు బల్ల మీద పిండి చల్లి, పిడికిలి అంచుతో ఒక్క అద్దు అద్ది, పైన వేలికొసలతో చుక్కలు పెట్టేది. అచ్చం పసిబిడ్డ పాదం. "ఇదిగో, ఇప్పుడే ఎవరో నడిచెళ్లారు! ఎవరబ్బా?" అనేది. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. అందరికంటే ఎక్కువ నవ్వేది పక్కింటి కలూద్ మనవరాలు యానా. దానికి ఐదేళ్లు. సొంతింట్లో తిన్నదాని కంటే ఇక్కడ తిన్నదే ఎక్కువని వాళ్లమ్మ దెప్పుతుండేది.

ఊళ్లో అన్ని ఇళ్లకీ చూరు నీళ్లు పోయే రేకు తూములు బిగించింది స్టామటే. తన ఇంటికి మాత్రం బిగించుకోలేదు. వెనక మూల, చూరు నీళ్లు తిన్నగా నేల మీదే పడేవి. అక్కడ ఏడాది పొడుగునా పచ్చగా ఉండే వాసనాకు మొక్క గుబురుగా పెరిగింది. "వెల్డరింటికి తూము దిక్కులేదు" అని కలూద్ వేళాకోళం చేసేవాడు. స్టామట్ నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఏడు క్రిస్మస్ దగ్గరపడ్డాక వాళ్లింట్లో పందిని కోశారు. కోత అంటే మా దగ్గర సగం పని, సగం పండగ. మధ్యాహ్నానికి మాంసం ఉప్పులో పడింది. దొడ్లో మంట మీద ఉల్లిపాయలతో కాలేయం వేగుతోంది. సారా సీసా చేతులు మారుతోంది. సాయానికొచ్చిన మగాళ్లంతా దుంగల మీద చేరగిలబడ్డారు.

"బాబాయ్," అన్నాడు కలూద్ మూతి తుడుచుకుంటూ, "ఊరందరి దొడ్లూ తిరిగొచ్చావు. నీ దొడ్డి ఎప్పుడైనా తిరిగావా?"

"నా దొడ్లో ఉన్న ఆస్తల్లా ఆ పందేరా. అదీ ఇప్పుడు మూకుట్లో ఉంది."

"అబ్బ, తప్పించుకోకు. ఇది మొదట్లో తుర్కుల ఇల్లే కదా. మా తాత చెప్పేవాడు."

"మీ తాత ఏ ఇంటి గురించి చెప్పలేదు గనక!" అన్నాడు వుల్కో. "అయినా అడిగిందాన్లో తప్పేముంది? మంగలివాడు తన గెడ్డం తను గీసుకోకూడదనుందా? నడువు స్టామట్, మాకూ కాలక్షేపం."

కలూద్ అప్పటికే లేచెళ్లి మేకు మీది కడ్డీలు తెచ్చి చేతిలో పెట్టాడు. ఎప్పట్లాగే స్టామట్ కాదనలేకపోయాడు. సరే, నవ్విద్దామనుకున్నాడు. బావి దగ్గర ఆగి పెదవి విరిచాడు. ఖాళీ పంది దొడ్డి ముందు కడ్డీలు గడగడా వణికించి "ఇక్కడ ఒక అభాగ్యుడు తన ఆకలంతా పాతిపెట్టి పోయాడు" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వుల ఊపులోనే ఇంటి వెనక్కి మలుపు తిరిగాడు.

అటు చూడకూడదనుకున్నాడు. అలా అనుకోవడమే కొంప ముంచింది. ఇన్నేళ్లూ ఎవరి కళ్లు ఎటు లాగుతున్నాయో కనిపెట్టిన మనిషి, ఈసారి లాగుతున్నవి తన కళ్లే. మణికట్లు తిప్పలేదని ఎవరి మీదైనా ఒట్టేసి చెప్పగలడు. వాసనాకు మొక్క ముందు కడ్డీలు రెండూ ఒకదానికొకటి కొట్టుకుని టింగుమన్నాయి.

నవ్వులు ఆగిపోయాయి. మంట మీద కాలేయం చిటపటలు వినిపించాయి. వంటింటి గుమ్మంలో కేరా పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె స్టామట్‌ని చూడలేదు, ఆ కడ్డీలనే చూసింది.

ఆ చూరు కింద ఏముందో బతికున్నవాళ్లలో ఆ ఇద్దరికే తెలుసు. పెళ్లయిన కొత్తలో కేరాకి కొడుకు పుట్టాడు. పుట్టి ఏడవలేదు. బాప్తిస్మం కాని బిడ్డకి శ్మశానంలో చోటుండదు. అలాంటి పసివాళ్లని ఇంటి చూరు కింద పెట్టడం మా దగ్గర పాత ఆచారం. వానొచ్చినప్పుడల్లా పైనుంచి జారే నీళ్లే వాళ్లకి బాప్తిస్మం అంటారు. వెల్డింగ్ చువ్వలు వచ్చిన సన్నటి చెక్కపెట్టె ఒకటి ఉంటే స్టామట్ దాన్నే కడిగి, లోపల గొర్రెబొచ్చు పరిచాడు. బరువు తెలియనంత చిన్న పెట్టె. నెలలు నిండకుండానే కడుపు పోయిందని అతని తల్లి ఊరికి చెప్పింది. అంతే, మళ్లీ ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కేరా మొక్క నాటింది. స్టామట్ తూము బిగించలేదు. వాన పడే రోజుల్లో ఇద్దరూ ఏ పనిలో ఉన్నా చెవులు అటే ఉండేవి.

"తూము!" అని గావుకేక పెట్టాడు కలూద్. "తూమురా నాయనా! ఊరందరికీ బిగించి తనింటికి ఎందుకు బిగించలేదనుకుంటున్నారు? ఆ మూలని ఎవ్వరూ ముట్టుకోకూడదని! నీకెప్పట్నుంచో తెలుసు బాబాయ్!"

"చలికి చేతులు కొంకర్లు పోయాయిరా. అంతే."

"అయితే మళ్లీ నడువు."

మళ్లీ నడిచాడు. మణికట్లు బయటికి విరిచిపట్టి నడిచాడు. ఒళ్లంతా వణుకుతుంటే మణికట్లు ఎంతసేపు ఆగుతాయి? మళ్లీ టింగుమంది. మగాళ్లంతా టోపీలు తీశారు.

వాళ్లంతా వెళ్లాక కేరా గిన్నెలు తోమింది. చాలాసేపు తోమింది. చివరికి ఇటు తిరక్కుండానే "తవ్వనివ్వకు" అంది.

"ఎలా తవ్వనిస్తానే?" అన్నాడు స్టామట్. అన్నాడే గానీ, ఎలా ఆపాలో అతనికి తోచలేదు.

మర్నాడు పొద్దున్నే కలూద్ ఇంటికి వెళ్లాడు. దారిలో గొంతు సవరించుకుంటూ, ఆనాడు గొట్టం దగ్గర మింగిన మాటని ఇన్నేళ్లకి బయటికి తీశాడు.

"ఒరేయ్ కలూద్, ఆ కడ్డీలు ఏమీ చూపించవురా. నేనే తిప్పుతాను. ఇదిగో, ఇలా. ఎవరు ఎటు చూస్తే అటు తిప్పుతాను. ఇన్నేళ్లూ అందరినీ మోసం చేశాను. కావాలంటే ఊరందరి ముందూ చెబుతాను."

 కలూద్ కడుపు పట్టుకుని నవ్వాడు. "బాబాయ్, నువ్వు ఇంత గడుసువాడివని నాకు తెలీదు సుమా! వుల్కో తుంటి విరిగినప్పుడు రాని మాట ఇప్పుడొచ్చిందా? నీ చూరు కిందకి వచ్చేసరికి కడ్డీలు అబద్ధమా?"

"నిజంరా. నా మాట నమ్ము."

"నమ్మాను. ఎంత ఉందో కూడా నమ్మాను. ఇలా చూడు, నీ ఇల్లు పడిపోకుండా జాగ్రత్తగా తవ్వుతాం. వాటా నీకే పెద్దది. వద్దంటావా, పైఊళ్లకి అప్పుడే కబురు పాకింది. నువ్వు పిన్నిని తీసుకుని ఆస్పత్రికి వెళ్లిన రోజు చూసి, వాళ్లు పునాదితో సహా లేపేస్తారు. అప్పుడు ఎవరికి చెప్పుకుంటావు?"

అదీ అబద్ధం కాదు. మా వాళ్లు చర్చి గోడలే తవ్వినవాళ్లు. స్టామట్ ఇంటికి వస్తూ అసలు సంగతే చెప్పేస్తే పోలేదా అనుకున్నాడు. బిడ్డ ఉన్నాడురా అక్కడ, నా కొడుకురా అంటే? గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. నిధి మీద కాపలాకి ప్రాణాన్ని పెడతారు కదా. చూరు కింద పసివాడి ఎముకలున్నాయని తెలిస్తే ఊరు ఏమంటుంది? లీరాల మీద సొంత బిడ్డనే కాపలా పెట్టాడు, ఎంతటివాడు అంటుంది. కేరా ఆ మాట వినాలి. విని కూడా అదే వీధిలో బతకాలి. అబద్ధం చెబితే నమ్మారు, నిజం చెబితే నవ్వారు, ఇంకా పెద్ద నిజం చెబితే రాళ్లేస్తారు. 

దారి చూపించింది వుల్కోనే. "ఎందుకురా కొట్టుకుంటారు?" అన్నాడు సాయంత్రం. "పద్ధతి ప్రకారం బూడిద చల్లండి. అది ఏది అడిగితే అది. కోడినడిగితే తవ్వుదాం. మనిషినడిగితే స్టామట్ చూరు స్టామట్‌కే."

స్టామట్‌కి ప్రాణం లేచొచ్చింది. కోళ్లని గట్టిగా మూసిపెట్టొచ్చు. అందరికంటే ముందు లేచి, మేజోడు విప్పి, చల్లటి బూడిదలో తన పాదం ఒకటి మోపి రావచ్చు. అబద్ధమే. ఇంతకాలం ఆడిన వాటిలో ఇదొక్కటి మంచి అబద్ధం. "సరే," అన్నాడు. కేరా పొయ్యిలోంచి బూడిద తీసి, పిండి జల్లెడతోనే జల్లించి ఇచ్చింది. కలూద్ దాన్ని మొక్క చుట్టూ, గోడ నుంచి దారి దాకా పల్చగా, నున్నగా పరిచాడు. వాళ్లంతా వెళ్లిపోయారు.

తెలతెలవారుతుండగా స్టామట్ మంచం దిగాడు. ఒక కాలికి మేజోడు లేకుండా, చెప్పు చేతిలో పట్టుకుని వెనక్కి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే నిలబడిపోయాడు.

బూడిదలో అడుగులున్నాయి. చిట్టి చిట్టి అడుగులు. గోడ మొదట్లో మొక్క కింద నుంచి బయల్దేరి, ఒకటి ఎడం, ఒకటి కుడి, కొంచెం తూలుతున్నట్టుగా వంటింటి గుమ్మం వైపు వచ్చాయి. అరచేతిలో పట్టేంత పాదాలు. ఒక్క క్షణం స్టామట్ నమ్మాడు. ఇన్నేళ్లూ అందరినీ నమ్మించినవాడు, వట్టి కాలు మంచులో పెట్టుకుని, నోరు తెరుచుకుని నమ్మాడు.

వంటింట్లో కేరా తొట్టి ముందు నిలబడి చేయి కడుక్కుంటోంది. పిడికిలి అంచున బూడిద ఇంకా పోలేదు.

"ఏం చేశావే?" అన్నాడు.

"నువ్వు పెద్ద పాదం వేస్తావని తెలుసు," అంది. "నీ పాదం ఎవరికి తెలీదు? ఆ వంకర వేలు చూస్తే యానా కూడా చెప్పేస్తుంది." చేయి తుడుచుకుంది, మళ్లీ తడిపింది. "ఒక్కటే వేద్దామనుకున్నాను. వేశాక మనసాగలేదు. వాడు ఒక్క అడుగైనా వెయ్యలేదు కదా. ఇంట్లోకి రానీ, ఒక్కసారి నడవనీ అనిపించింది."

స్టామట్ బల్ల మీద కూలబడి ఏడ్చాడు. ఆ బిడ్డ కోసం అతను ఏడవడం అదే మొదలు. కేరా అతని వట్టి కాలికి మేజోడు తొడిగింది.

పొద్దెక్కాక మగాళ్లు వచ్చారు. ముందు ఎగిరెగిరి పడుతూ వచ్చినవాళ్లు మూల తిరగ్గానే బొమ్మల్లా అయిపోయారు. వుల్కో కుంటి కాలితోనే మోకరిల్లి శిలువ గీసుకున్నాడు. పిండి ముట్టుకోని మగాళ్లు, పిడికిలితో పాదం అద్దడం వాళ్లలో ఒక్కడికీ తెలియదు. కలూద్ మొహం పాలిపోయింది.

"పసిపిల్లనడుగుతోంది," అన్నాడు. "దేవుడా, పసిపిల్లనడుగుతోంది. అడుగులు గుమ్మం వైపు వచ్చాయి చూశారా? వెతుక్కుంటోంది." చేతిలోని పారని కంచె మీంచి అవతలికి విసిరేశాడు. "నాకొద్దు బాబాయ్. కింద కొండంత ఉన్నా నాకొద్దు. మా ఇంట్లో పిల్లుంది."

ఆ రోజు స్టామట్ కడుపునిండా తిన్నాడు. కేరా కూనిరాగం తీస్తూ సాసేజీలు కట్టింది. ఇద్దరూ దొంగ పిల్లల్లా ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకున్నారు కూడా. చూరు కింద వాడు చల్లగా ఉన్నాడు. ఇంకెవడూ వాడి జోలికి రాడు.

మర్నాడు యానా రాలేదు. జలుబేమో అనుకుంది కేరా. ఆ మర్నాడూ రాలేదు. వీధి పిల్లలు ఒక్కరూ రాలేదు. స్టామట్ గేటు దగ్గరికి వస్తే, అవతల ఒక తల్లి పిల్లాడి చెయ్యి పట్టుకుని రోడ్డుకి ఆ పక్కకి దాటించింది. ఎదురుపడితే నమస్కారం పెట్టింది, పెడుతూనే పిల్లాణ్ణి పావడా చాటుకి లాక్కుంది. యానా వాళ్లమ్మ ఇక దెప్పడం మానేసింది. కేరా కొట్టి పెట్టిన అక్రోటు పప్పు గిన్నెలో అలాగే ఉండిపోయింది.

"పిల్లల సంగతి నాకు తోచనే లేదు," అంది కేరా. ఆమెకి ఆ వేళ తన బిడ్డ తప్ప ఇంకో బిడ్డ గుర్తు రాలేదు. అందులో ఆమెని అనడానికేముంది?

చెప్పేద్దామా? పాదాలు పిండి ఆట అని చెప్పేస్తే పిల్లలు సాయంత్రానికి వచ్చేస్తారు. వాళ్ల వెనకే పలుగులూ వస్తాయి. చెప్పకపోతే బిడ్డ ఉంటాడు, పిల్లలుండరు. స్టామట్ ఎటు తిప్పి చూసినా అంతే. పైగా కడ్డీల పరువు ఆకాశానికంటింది. తలసామ్‌నే నడిపించిన కడ్డీలట అని బుర్గాస్ పట్నం నుంచి కార్లలో మనుషులు దిగారు. చేతులు పడిపోయాయని స్టామట్ వాళ్లని గేటు దగ్గర్నుంచే పంపేశాడు. పడిపోయిన చేతులతో కట్టెలు ఎలా కొడుతున్నాడని వాళ్లు చాలాసేపు అక్కడే నిలబడి చూశారు.

కొత్త ఏడాది పొద్దున మా దగ్గర పిల్లలదే రాజ్యం. ద్రియాన్ చెట్టు కొమ్మని వంచి, రంగు ఊలూ, పేలాల దండలూ చుట్టి సుర్వా కర్రలు చేస్తారు. వాటితో ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్ల వీపు మీద తడుతూ దీవెనలు చెబుతారు. పెద్దవాళ్లు ఆ కర్రకి కడియం రొట్టెలు తొడుగుతారు. వీధిలో అందరి కర్రలూ ఏటా స్టామటే వంచేవాడు. ఈ ఏడు పంది కోతకి ముందే యానా కర్ర ఒకటి పూర్తయింది. అది కొట్టంలో వేలాడుతోంది. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు.

కేరా చీకటితోనే లేచి రొట్టెలు కాల్చింది. ఎవరూ రారని తెలుసు, అయినా ఎప్పుడూ కాల్చినన్నీ కాల్చింది. పిల్లల కేకలు వీధి మొదట్లో వినిపించాయి. వుల్కో ఇంటి దగ్గర వినిపించాయి. తర్వాత ఒక్కసారి తగ్గిపోయి, వీళ్ల గేటు దాటాక మళ్లీ మొదలయ్యాయి. కేరా కిటికీ దగ్గర్నుంచి లేచి వంటింట్లోకి వెళ్లింది. స్టామట్ మంచు తొయ్యాలన్న వంకతో బయటికి వచ్చాడు.

గేటు అవతల యానా ఒక్కతే నిలబడి ఉంది. చేతిలో ఎవరిదో పాత కర్ర. కొంచెం దూరంలో కలూద్ ఆగి, ఇటే చూస్తున్నాడు.

"తాతా, మీ ఇంట్లో ఒక పిల్లాడున్నాడంట కదా?"

స్టామట్ పార ఆపాడు.

"నేను లోపలికొస్తే నన్ను కిందకి తీసుకుపోతాడంట కదా? మా తాత చెప్పాడు. నిజమా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "కేరా మామ్మ ఇన్ని రొట్టెలు చేసింది, వాసనొస్తోంది" అంది.

పాత అలవాటు చొప్పున స్టామట్ ఆ పిల్ల మొహం చూశాడు. కళ్లు వంటింటి వైపు లాగుతున్నాయి. కాదమ్మా అనాలి. ఆ ఒక్క మాట అంటే చాలు, గేటు దూరి పరిగెత్తుకు వెళ్తుంది. ఆ పిల్ల భుజాల మీదుగా కలూద్ మొహం కూడా చూశాడు. ఊపిరి బిగబట్టి ఉన్నాడు. కళ్లు ఒక్కసారి ఇంటి వెనక మూలకి వెళ్లి, ఏమీ ఎరగనట్టు పక్కకి తిరిగాయి.

"నిజమే," అన్నాడు స్టామట్. "లోపలికి రాకు."

యానా ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. తర్వాత పరుగు తీసింది. కలూద్ టోపీ తీసి శిలువ గీసుకుని, మనవరాలిని ఎత్తుకుని వెళ్లిపోయాడు.

స్టామట్ కొట్టంలోకి వెళ్లి, మేకుకున్న సుర్వా కర్ర తీశాడు. పేలాల దండ మీది దుమ్ము ఊదాడు. ముందు గుమ్మం దగ్గరికి వచ్చి, తన ఇంటి తలుపు తానే తట్టాడు.

"ఎవరూ?" అంది కేరా లోపల్నుంచి. ఆ గొంతులో ఆశ ఉంది. 

"పిల్లాణ్ణి," అన్నాడు.

తలుపు తెరుచుకుంది. కేరా అతన్నీ, చేతిలోని కర్రనీ చూసింది.  చేతులు పావడాకి తుడుచుకుని, వెనక్కి తిరిగి వీపు వంచింది. స్టామట్ కర్రతో తట్టాడు. ఏడాదంతా ఒళ్లు గట్టిగా ఉండాలన్నాడు. తోట నిండా కాయలు కాయాలన్నాడు. ఇల్లు నిండా పిల్లలు అని మొదలుపెట్టి అక్కడ ఆగిపోయాడు.

"గట్టిగా కొట్టు," అంది కేరా తల తిప్పకుండా. "మగపిల్లాడు ఇంత మెల్లగా కొట్టడు."

గట్టిగా కొట్టాడు. ఆమె కన్నీళ్లు తుడుచుకుని, బల్ల మీది రొట్టెల్లోంచి బాగా కాలిన దాన్ని ఏరి, అతని కర్రకి తొడిగింది.